జ్వరం లేని పిల్ల

"పాకిందమ్మా, చూడు." ఫ్యాక్టరీ పిల్లల గదిలో ఆయమ్మ పాప పిక్క చూపించింది. పొద్దున ఎనిమిదింటికి ఆ ఎర్రటి వాపు అంచు వెంట పెన్నుతో గీత గీసింది తనే. ఎప్పుడో ఒక నర్సు నేర్పిన పద్ధతి అది. పదకొండు కాకుండానే ఎరుపు గీత దాటి రెండు వేళ్ల మేర మోకాలికేసి ఎగబాకింది. ముట్టుకుంటే సెగ.

తల్లి ఆ ఫ్యాక్టరీలోనే చొక్కాలకు కాలర్లు కుడుతుంది. కబురందగానే మిషను వదిలి పిల్లల గదికి పరుగెత్తుకొచ్చింది.

"దోమ కుడితే గోక్కుందనుకున్నా అక్కా!"

"గోకిన చోటే పుండైంది. ఇన్ఫెక్షను చర్మం కిందికి దిగింది. పై పూతలతో పోదిక. నెత్తుట్లోకి పోకముందే మందు పడాలి."

గేటు దాటాలంటే సూపర్‌వైజరు సంతకం కావాలి. అతగాడొచ్చి థర్మామీటరు చూశాడు. "తొంభై తొమ్మిది. దద్దురుకి సెలవా? ఇవాళ సరుకు లారీ ఎక్కాలి. ఐదింటికి వెళ్లు, ఎవరొద్దన్నారు?"

నూట ఒకటి దాటితేనే గేటుపాసు. జ్వరముంటే పిల్లల గదిలోకి రానివ్వరు. ఈ రెండు రూళ్లూ రాసినవాడు పిల్లల్ని కన్నవాడో కాదో!

పాప ఏడవడం లేదు. మగతగా చూస్తోంది.

తల్లి పాపను ఒళ్లోకి తీసుకుంది. నిజం చెబితే ఈ గదిలో చోటు పోతుంది, చోటుతో పాటు పనీ పోతుంది.

"వచ్చేముందు జ్వరం సిరప్ పట్టించానండీ. లేకపోతే లోపలికి రానివ్వరని."

"అంటే మోసం చేశావన్నమాట!"

"చేశాను. రేపట్నుంచి రానివ్వకండి. ఇప్పుడు సంతకం పెట్టండి."

"సిరప్ థర్మామీటరుని మాయ చేసింది, సరే," అంది ఆయమ్మ. "నీ కళ్లకేమైంది బాబూ?"

అతను కదల్లేదు. తల్లి ఆగలేదు. పాపను భుజానేసుకుని గేటుకేసి నడిచింది.

"పాసేదీ?" అన్నాడు కాపలా అతను.

ఆమె పాప కాలు చూపించింది. అతను గొళ్లెం తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు చూస్తూనే మంచం ఎక్కించింది. "రెండ్రోజులు ఇక్కడే. నరానికి మందెక్కిస్తాం. తర్వాత ఇంట్లో నోటి మందు. ఎరుపు తగ్గింది కదాని మధ్యలో ఆపావో, ఊరుకోను."

"రెండేం ఖర్మ, ఎన్ని రోజులైనా ఉంటామమ్మా. నాకిక పనుందో లేదో!"

సూది దిగింది. పాప గుక్కపట్టి ఏడ్చింది, పొద్దుట్నుంచి మొదటిసారి.

"ఏడువు తల్లీ, ఏడువు," అంది తల్లి, చెయ్యి కదలకుండా గట్టిగా పట్టుకుని.