పాకం చల్లారాక

"ఇప్పుడు పిండనా అక్కా?" అని పెంచలమ్మ అడుగుతూ ఉంది. గూడూరు బస్టాండు ఎదుట వేసిన తాటాకు పందిట్లో, మోకాలెత్తు గుండిగ ముందు నిలబడి, సగానికి కోసిన నిమ్మచెక్కను గుప్పిట్లో పట్టుకుని, రసం మణికట్టు దాకా కారుతున్నా తుడుచుకోకుండా తోడికోడలు సుదర్శనమ్మ ముఖంలోకే చూస్తూ ఉంది. పెంచలమ్మ చనిపోయిన సంగతి సుదర్శనమ్మకు కలలో కూడా గుర్తుంది. పోయిన కార్తీకంలో ఆమె నోట్లో తులసినీళ్లు పోసింది తనే. అయినా ఎండలు ఇలా మాడ్చేస్తుంటే, ఊరి జనం కోసం చలివేంద్రం పెట్టుకున్న మనిషి చనిపోయాను కదా అని రాకుండా ఎలా ఉంటుంది, అదీ నిజమేలే అనుకుంటుంది.

పందిరి ఒకచోట నిలవడం లేదు. ఒకవైపు చూస్తే బస్సులు వచ్చి, దిగేవాళ్లు లేకుండానే వెళ్లిపోతున్నాయి, ఇంకోవైపు చూస్తే తాటాకులు ఉండాల్సిన చోట తమ రెండిళ్ల మధ్య గోడ ఉంది, ఆ గోడ మీద పుచ్చకాయ ముక్కలు ఎర్రగా వరసగా పేర్చి ఉన్నాయి, వాటిని ఎవరు కోశారో, ఎవరు తింటారో తెలియదు. కింద అంతా నిమ్మకాయలే, అడుగు వేయబోతే దొర్లిపోయి దారి ఇస్తున్నాయి, అడుగు వేశాక మళ్లీ వచ్చి కాళ్లకు చుట్టుకుంటున్నాయి.

"పాకం కుతకుతా ఉడుకుతా ఉండాది. నువ్వు చెప్పినట్టే చేస్తా ఉండా గదా. ఇప్పుడు పిండనా?"

వద్దు అనాలి. అంతే. సుదర్శనమ్మ నోరు తెరుస్తుంది, మాట బయటికి రాదు. మెలకువగా ఉన్న పదకొండేళ్లలో రాని మాట, కళ్లు మూసుకున్నంత మాత్రాన పరుగెత్తుకుంటూ వచ్చేస్తుందా!

చెప్పుకుంటే తల కొట్టేసినట్టు ఉండే సంగతి ఇది. అత్తవారింట్లో సుదర్శనమ్మకు పేరు తెచ్చిపెట్టింది ఒకే ఒక్కటి, పుచ్చకాయ నిమ్మ షర్బత్తు. పెంచలమ్మ పులుసు పెడితే వీధి చివరిదాకా మెచ్చుకునేవారు, ముగ్గు వేస్తే నిలబడి చూసి పోయేవారు, ఆమె ఊరికే నవ్వినా అత్తగారు మురిసిపోయేది. పెద్దకోడలి వంతుకు మిగిలింది ఎండాకాలం ఒక్కటే. చక్కెర పాకంలో దంచిన అల్లం, యాలకులు వేసి, దించి, పూర్తిగా చల్లార్చి, అప్పుడు గింజలు తీసిన నిమ్మకాయలు పిండి, వడకట్టిన పుచ్చకాయ రసమూ చిటికెడు ఉప్పూ నానిన సబ్జా గింజలూ కలిపి ఆమె గ్లాసు చేతికిస్తే, తాగినవాళ్లు ఇంకో గ్లాసు అడగకుండా లేచేవాళ్లు కారు. మరిది పోయిన మరుసటి వేసవిలో, ఆయన పేరు మీద బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతాననీ, మొదటిరోజు మంచినీళ్లతోపాటు ఆ షర్బత్తు కూడా పోస్తాననీ చెప్పి, ఎలా చెయ్యాలో రాసుకోవడానికి పెంచలమ్మ ఒక క్యాలెండరు కాగితం తిరగేసుకుని ఎదురుగా కూర్చుంది. ఇక ఊరంతా దాన్ని పెంచలమ్మ షర్బత్తు అంటుంది, తనకంటూ మిగిలేది ఏముంది? ఆ క్షణాన సుదర్శనమ్మకు కడుపు మండిపోయింది. "పాకం ఉడుకుతా ఉండంగానే పిండెయ్యి, పిండిన చెక్కలు గూడా దాంట్లోనే పడెయ్యి, వాసన పడతాది," అని చెప్పింది. "పులిహోరకు చల్లారినాకే గదక్కా పిండేది?" అని పెంచలమ్మ అనుమానపడితే, "పులిహోర వేరు, పాకం వేరమ్మే," అని కొట్టిపారేసింది. మర్నాడు పొద్దున దాకా వ్యవధి ఉంది. గోడ దగ్గరకు వెళ్లి ఒక్క మాట అంటే సరిపోయేది. వెళ్లలేదు.

ఇప్పుడు పందిట్లోకి జనం వస్తున్నారు. ఆ రోజు వచ్చినవాళ్లే, అదే ఆటో అతను, అదే పూలమ్మే ఆవిడ, వాళ్లకు వయసు పెరగలేదు. తాగుతున్నారు, చేదుకు ముఖాలు చిట్లిస్తున్నారు, మొహమాటపడేవాళ్లు పక్కకు తిరిగి, పడనివాళ్లు ఎదురుగానే, గ్లాసులు కాలువలో ఒంపేస్తున్నారు. "నిమ్మకాయల ఊర్లో పుట్టి షర్బత్తు చెయ్యను రాలేదే!" అని ఎవరో నవ్వుతున్నారు. దీని తర్వాత వచ్చే మాట ఏమిటో సుదర్శనమ్మకు తెలుసు, అందుకే చెవులు మూసుకుంటుంది, కానీ ఆ గొంతు తన లోపలి నుంచే వస్తుంటే చెవులు మూసుకుని ఏం లాభం? "పాకంలో ఏం లేదమ్మే. నీ చెయ్యే చేదు. ఏం జేస్తాం."

అబద్ధం కన్నా ఈ మాటకే ఆమెకు ఎక్కువ సిగ్గు. అబద్ధం కడుపుమంటతో, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పింది. ఈ మాట నలుగురి ముందు, తాను తప్పించుకోవడానికి అంది. పెంచలమ్మ నమ్మింది. మర్నాటికే పందిరి విప్పించేసింది.

గుండిగ ఎప్పుడు జరిగిపోయిందో, దాని స్థానంలో పసుపు కలిపిన అన్నం బేసిను ఉంది. పెంచలమ్మ దాన్ని గోడ మీదుగా అందిస్తూ ఉంది, బతికినన్నాళ్లూ పండగ పండగకూ అందించినట్టే. "నీ చేత్తో పిండక్కా, నాది చేదు గదా," అంటుంది, అలవాటైన మాటలాగా, ఏ బాధా లేకుండా. పదకొండేళ్లు ఆమె ఇంటి పులిహోరకు, పప్పుకు, మనవరాలి మజ్జిగకు కూడా సుదర్శనమ్మే నిమ్మకాయ పిండింది. పిండి, చేతులు కడుక్కుని, వాళ్లింట్లోనే కూర్చుని తిని వచ్చింది. ఇప్పుడు పిండుతుంటే మాత్రం కాయలోంచి చుక్క రావడం లేదు, ఎంత నలిపినా తన వేళ్లే నొప్పి పెడుతున్నాయి.

పెంచలమ్మ అరచెయ్యి చాపుతుంది. "యాడుండాదో చూడక్కా చేదు. నువ్వు పెద్దదానివి, నీకు కనపడతాది."

సుదర్శనమ్మ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంటుంది. ఏం చేస్తున్నదో తెలియకుండానే వంగి నాలుక ఆనిస్తుంది. చేదూ లేదు, తీపీ లేదు. పొద్దంతా పని చేసుకున్న మనిషి చెయ్యి, కాస్త ఉప్పగా ఉంది, అంతే.

"నీ చేతిలో ఏం లేదు పెంచలా," అంటుంది, మాట వచ్చినందుకు తనే ఉలిక్కిపడుతూ. "నేనే అబద్ధం జెప్పినా. చల్లారినాక పిండాలని తెలిసే, ఉడుకుతా ఉండంగా పిండమన్నా. నీకు పేరొస్తాదని ఓర్వలేకపోయినా. నా మొహం నీకెట్ట చూపించేది?"

ఏడుస్తుంది. పెంచలమ్మ తిడుతుందని, లేదా పోనీలే అక్కా అంటుందని ఎదురుచూస్తుంది. పెంచలమ్మ ఆ రెండూ చెయ్యదు. గోడ మీది పుచ్చకాయ ముక్కలు ఒక్కొక్కటే తీసి కొంగులో వేసుకుంటూ, "ఇప్పుడు నాకెందుకక్కా? నేనింకేం పిండబోతా?" అంటుంది. "నిన్న మా కోడలు అడిగితే ఏం జెప్పినావు?"

అదే అడగకూడదని సుదర్శనమ్మ కలంతా భయపడుతూ వచ్చింది. పెంచలమ్మ కోడలు నీరజ, అత్త పేరు మీద ఈ వేసవిలో చలివేంద్రం పెడుతోంది. పెట్టె సర్దుతుంటే ఆ క్యాలెండరు కాగితం దొరికిందట. నిన్న సాయంత్రం తెచ్చి చూపించి, "ఇట్టనే గదా పెద్దత్తా చేసేది?" అని అడిగింది. కాదంటే, మరి అప్పుడు ఎందుకిలా రాయించావని అడుగుతుంది. సుదర్శనమ్మ కళ్లజోడు లేదన్నట్టు కాగితాన్ని దూరంగా పెట్టి చూసి, "ఊ" అంది. చనిపోయిన మనిషి పేరుకు కూడా చేదు పూసే "ఊ" అది, తెలిసే అంది.

"చెప్పక్కా," అంటుంది పెంచలమ్మ. ఆమె చేతిలోకి మళ్లీ నిమ్మచెక్క వచ్చింది, ముఖం ఎండలో సరిగా కనిపించడం లేదు, గొంతు మాత్రం చిన్నపిల్లదైపోతూ, దగ్గరవుతూ, కిందినుంచి వస్తున్నట్టుగా ఉంది. "పెద్దత్తా! లేచినావా? ఇప్పుడు పిండనా?"

సుదర్శనమ్మ కళ్లు తెరుస్తుంది. మిద్దె మీద చాప, తల కింద చెమటకు తడిసిన దిండు, అప్పుడే తెలవారుతున్న ఆకాశం. పక్కింటి పెరట్లోంచి అల్లం, యాలకుల వాసన ఆవిరితో కలిసి పైకి వస్తూ ఉంది. లేచి పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తుంది. మూడు రాళ్ల పొయ్యి మీద గుండిగ, రాయి కింద పెట్టిన పాత కాగితం, పుచ్చకాయలు కోస్తున్న ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు. నీరజ సగానికి కోసిన నిమ్మచెక్క గుప్పిట్లో పట్టుకుని పైకి చూస్తూ ఉంది. రసం మణికట్టు దాకా కారుతోంది, తుడుచుకోవడం లేదు.

"పిండబాకమ్మే!" అని అరుస్తుంది సుదర్శనమ్మ. "దించు. దించి చల్లారనియ్యి. చల్లారినాకే పిండాల."

"కాగితంలో ఇట్టనే ఉండాదే?"

పుచ్చకాయలు కోస్తున్న వాళ్లు కత్తులు ఆపి తలెత్తారు. సుదర్శనమ్మ పిట్టగోడను గట్టిగా పట్టుకుంటుంది.

"అది అబద్ధం. మీ అత్త చెయ్యి బంగారం. నేనే ఓర్వలేక అట్ట రాయించినా."

నీరజ నిమ్మచెక్కను పళ్లెంలో పెట్టి, గుడ్డతో పట్టి గుండిగను దించి, అప్పుడు అడుగుతుంది.

"ఈ మాట ఆమెకు చెప్పినావా పెద్దత్తా?"

ఇప్పుడే చెప్పి వచ్చానని అనబోయి, సుదర్శనమ్మ ఆ మాట మింగేస్తుంది.

"లేదు," అంటుంది.