పేరు లేని ఏడోవాడు

నేను ఒక రాకెట్టును. నిలబడితే పెద్ద మేడంత ఉంటాను గానీ, ప్రస్తుతం పడుకుని ఉన్నాను. నా చుట్టూ తాడు కట్టి, ‘ముట్టుకోవద్దు’ అని బోర్డు పెట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ తెల్లటి చేతి తొడుగులు వేసుకోకుండా నన్ను ముట్టుకున్నవాళ్లు లేరు కాబట్టి ఆ బోర్డు నాకు కొత్తేమీ కాదు. చూడవచ్చినవాళ్లంతా ఒకటే ప్రశ్న అడుగుతారు: “ఇది ఎన్నిసార్లు పైకెళ్లింది?” గైడు మాట మారుస్తాడు. మీకు నేనే చెప్పేస్తాను. ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఇక్కడ ఉండేవాణ్ణి కాదు. మా వంశంలో ఎగరడమంటే మళ్లీ తిరిగి రాకపోవడమే.

మేము ఏడుగురం అన్నదమ్ములం. జపాన్‌లో ఒక రేవు పట్టణంలో పుట్టాం. పుట్టగానే మమ్మల్ని ఓడలో పడుకోబెట్టి దక్షిణాన ఉన్న చిన్న దీవికి తీసుకెళ్తారు. అక్కడ నిలబెట్టి నిప్పంటిస్తారు. మా పెద్దన్న వాతావరణం కనిపెట్టే ఉపగ్రహాన్ని మోశాడు. వాన ఎప్పుడొస్తుందో చెప్పాల్సిన ఆ ఉపగ్రహం ప్రయాణం వాన వల్లే రెండుసార్లు ఆగిపోయింది. రెండో అన్నను జాలర్లు ఆపారు. చేపలు బాగా పడే కాలంలో దీవి మీంచి రాకెట్లు లేవకూడదని వాళ్లతో ఒప్పందం. దేశమంతా ఎదురుచూస్తున్నా సరే, చేపలకు వీలు కుదిరాకే కదిలాడు. ఆ తర్వాతి ముగ్గురూ ఏ గొడవా లేకుండా వెళ్లిపోయారు. గొడవ లేకుండా వెళ్లినవాళ్ల గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. ఉపగ్రహం పైకెళ్లి, కక్ష్యలో కుదురుకున్నాకే దానికి పేరు. అంతవరకూ ఉత్త నంబరే. పేరు ముందే ఎంచుకుంటారు గానీ, రాసి చూపించుకోవడమే తప్ప ఎవరూ నోటితో అనరు. ఆ పేరు ముందుగా తెలిసే బయటి మనిషి దీవిలో ఒక్కరే, మిఠాయి దుకాణం హిసానో గారు. శుభవార్త రాగానే పంచడానికి ఆవిడ తీపి బిళ్లలు చేస్తారు. ఒక్కో బిళ్ల మీద ఒక పువ్వు, ఉపగ్రహం పేరు అచ్చు పడి ఉంటాయి. ఆ అచ్చును ముందే చెక్కతో చెక్కుకోవాలి కదా, అందుకని ఆవిడకు చెబుతారు.

ఆరో అన్న మోసే ఉపగ్రహానికి పేరు ఎంచింది అమామియా గారు. మా ఇంజన్లు చూసుకునేది ఆయనే. వాళ్లమ్మ పెరట్లో పూసే ఒక ఊదారంగు పువ్వు పేరు రాసి చూపించారు. రెండే అక్షరాలు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. పెద్దలందరూ తలలూపారు.

ఆరో అన్న బాగానే లేచాడు. రెండో దశ ఇంజను మాత్రం అంటుకోలేదు. ఉపగ్రహంతో సహా సముద్రంలో పడ్డాడు.

నేను అప్పటికే దీవి చేరి, షెడ్డులో నా వంతు కోసం చూస్తున్నాను. ఆ షెడ్డులోనే అందరూ తలలు దించుకుని నిలబడి ఉండగా, హిసానో గారు మిఠాయి పెట్టెలతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. దారిలో ఉండగా ఆవిడకు కబురు అందలేదు.

“తిరిగి తీసుకుపోనా అండీ?” అన్నారు.

“అయ్యో, అంత కష్టపడి చేశారు,” అన్నారు ఎవరో పెద్దాయన.

అందరూ తలా ఒకటి తీసుకుని, పేరు కనబడకుండా బోర్లా తిప్పి తిన్నారు. కక్ష్య చేరని ఉపగ్రహం పేరు చదవకూడదు. చేసి తెచ్చినావిడ మనసు నొప్పించకూడదు. రెండు మర్యాదలూ దక్కాయి. అమామియా గారు మాత్రం తిప్పలేదు. బిళ్లను చేతిలో పట్టుకుని, దాని మీద ఉన్న పేరును మొదటిసారి పైకి చదివారు.

“కిక్యో.”

నములుతున్న నోళ్లన్నీ ఆగిపోయాయి. కిక్యో అంటే ఆ ఊదా పువ్వు. కానీ మా అక్షరాలు పలుకును కాదు, అర్థాన్ని చూపిస్తాయి; వేరే అక్షరాలతో రాసే కిక్యో ఇంకొకటి ఉంది. పలికితే రెండూ ఒకటే. దాని అర్థం, పుట్టినచోటికి తిరిగి రావడం. ఇన్నాళ్లూ కళ్లతో చూశారే గానీ ఎవరూ నోటితో అనలేదు కాబట్టి ఎవరికీ తట్టలేదు. భూమిని వదిలి పొమ్మని పంపేదానికి ఇంటికొచ్చెయ్ అని పేరు పెట్టారు. అది చెప్పినమాట విన్నది.

ఒక చిన్న కవాటం బిగుసుకుపోవడమే కారణమని తర్వాత తేల్చారు. కవాటానికి చెవులుండవు. ఈ సంగతి అమామియా గారికి అందరికంటే బాగా తెలుసు. తెలిసీ, హిసానో గారి దుకాణం ఉన్న వీధిలోకి వెళ్లడం మానేసి చుట్టుదారి పట్టారు. పని అయ్యాక నా పక్కన నిలబడి, “నువ్వైనా వెళ్లాలిరా. నువ్వు ఒక్కసారి పైకెళ్లావంటే ఆ పేరు జనం మరిచిపోతారు, నేనూ మరిచిపోతాను,” అనేవారు. ఇంత లోహం ఉండీ ఆ మాటకు నాలో ఏదో కదిలేది. నేను ఎగరాలనుకున్నది అందరూ అనుకున్నట్టు దేశం కోసం కాదు, ఆయన కోసం.

ఈలోగా నాకంటే లావుగా, నాకంటే చవకగా కొత్త రకం రాకెట్టు వచ్చింది. నేను మోయాల్సిన ఉపగ్రహాన్ని దానికి అప్పజెప్పారు. రాజధాని నుంచి ఒక అధికారి వచ్చి, నా సేవలకు కృతజ్ఞతలు చెప్పి, నాకు విశ్రాంతి ఇస్తున్నామన్నాడు. ఒక్క రోజూ పనిచెయ్యనివాడికి విశ్రాంతి ఏమిటో నాకు బోధపడలేదు.

“ఖాళీగానైనా ఒక్కసారి పంపించండి,” అంటూ అమామియా గారు నడుము దాకా వంగారు. జవాబుగా అధికారి కూడా వంగాడు. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. అక్కడ కాదనడమంటే అదే.

నన్ను మళ్లీ ఓడలో పడుకోబెట్టారు. నేను పుట్టిన ఊళ్లోనే ఈ మ్యూజియం కట్టి, నాకు తాడు కట్టారు.

ప్రారంభోత్సవానికి అమామియా గారు వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది. ద్వారం దగ్గర హిసానో గారు కనబడగానే ఆయన గబగబా వచ్చి నా ఇంజను వెనక నక్కారు.

“అమామియా గారూ, కాళ్లు కనబడుతున్నాయండీ,” అన్నారు హిసానో గారు.

ఆయన బయటికి వచ్చి తల వంచారు. “ఆ రోజు నుంచీ మీకు మొహం చూపించలేకపోయాను.”

“మొహం సంగతి సరే. చెక్కిన అచ్చును వాడుకోలేక, పారెయ్యలేక ఇన్నేళ్లూ నేను పడ్డ అవస్థ ఎవరికి చెప్పుకోను?” అంటూ ఆవిడ పెట్టె మూత తీశారు. బిళ్లలన్నీ వెల్లకిలా ఉన్నాయి. పువ్వూ పేరూ కనబడుతున్నాయి.

అమామియా గారు మూతను మళ్లీ పెట్టబోయారు. “ఇదెందుకమ్మా, మళ్లీ ఇప్పుడు?”

“ఏడుగురిలో ఇంటికి తిరిగొచ్చింది వీడొక్కడే కదండీ. ఈ పేరు వీడిదే. మీరు ఒక్క రాకెట్టు ముందుగానే పెట్టేశారు, అంతే.”

ఆయన ఒక బిళ్ల తీసుకున్నారు. బోర్లా తిప్పకుండా, పేరు చూస్తూనే నెమ్మదిగా తిన్నారు. తర్వాత తాడు మీంచి వంగి, తొడుగు లేని చేతిని నా మీద ఆనించారు. గైడు చూసి కూడా, అటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

“కిక్యో,” అని పిలిచారు అమామియా గారు.

పిలిస్తే పలకడం నాకు చేతకాదు. చేతనైతే పలికేవాణ్ణి.