షోకేసులో మారక్క

పావగడ బజారులో ఫోటో స్టూడియో నడిపే పట్టాభి శెట్టికి మూడేళ్లుగా ఒకటే పిచ్చి. తాలూకా మొత్తానికి ఉన్న ఒక్కగానొక్క సినిమా తారను తన కెమెరాతో తీయాలి, తీసి షోకేసులో పెట్టాలి. తెర మీద ఆమె పేరు అంబుజ. సొంతూరు నిడుగల్లు, తల్లి పెట్టిన పేరు మారక్క. వేరుశనగ కాయలు ఒలిచి ఒలిచి అరిగిన వేళ్లతో మద్రాసు పోయింది. నాలుగు సినిమాల్లో చెల్లెలి వేషం వేసి, అయిదోదానిలో కథానాయిక అయి కూర్చుంది. ఇప్పుడు పత్రికలవాళ్లు ఆమె కారు దిగినా తీస్తారు, ఆసుపత్రిలో పడుకున్నా తీస్తారు. ఒక్కడైనా ఆమెను అడుగుతాడా? అడగడు. సొంత తాలూకావాడు, అడిగి అడిగి నోరు నొప్పి పుట్టినవాడు, వాడికి మాత్రం ఒక్క ఫోటో లేదు. ఇదెక్కడి న్యాయమని పట్టాభి కడుపుమంట.

ఎనభై ఆరులో, వానలు మొహం చాటేసిన మూడో ఏడు, చనిపోయిన తల్లి నల్లమ్మ తిథికని ఆమె ఊరికి వచ్చింది. తెలిసిందే తడవు పట్టాభి కెమెరా సంచి భుజాన వేసుకుని మొదటి బస్సుకే నిడుగల్లులో దిగాడు.

"రేపు తీసుకోన్నా, ఎన్ని కావాలంటే అన్ని తీసుకో. ఈ పొద్దు మాత్రం వద్దు," అంది ఆమె.

"నువ్వు ఇంగ నీ ఇంటి మనిషివి కాదమ్మా, జనాల మనిషివి. వాళ్లు చూడాలనుకుంటే ఈ పొద్దు, రేపు అని ఉంటాదా?"

"ఈ పొద్దు మా యమ్మ కాడికి పోతాండా. రేపు రా," అని లోపలికి వెళ్లిపోయింది.

తిథి రోజు కూతురు తలకు పోసుకుని, తడి బట్టలతోనే తల్లిని పూడ్చిన చోటికి వెళ్లి పాలు పోయాలి. పక్కన అయినవాళ్లు కూడా ఉండరు. నల్లమ్మను పూడ్చింది వాళ్ల సొంత చేనులోనే. మర్యాద తెలిసినవాడైతే పట్టాభి మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరాలి. చేరలేదు. మద్రాసు పత్రికలవాళ్లయితే రేపటిదాకా ఆగుతారా అని తనకు తానే చెప్పుకుని, చేను గట్టున ముళ్లకంప వెనక బోర్లా పడుకున్నాడు. దూరంగా తడి జుట్టుతో, రంగూ పౌడరూ లేని మొహంతో ఆమె మట్టి దిబ్బ మీద చెయ్యి వేసి ఏడుస్తోంది. పెద్ద లెన్సు పెట్టి మూడుసార్లు నొక్కాడు. ఫిలిం తిప్పి సంచి మూశాడు. కలిగింది సంతోషమో సిగ్గో అతనికే తెలియలేదు.

స్టూడియోకి వచ్చి కడిగి చూస్తే, ఫోటోలో మెడ మీదా, మోచేతుల కిందా తెల్ల మచ్చలు. పట్టాభి బోరును బండబూతులు తిట్టాడు. పావగడ బోరు నీళ్ల సంగతి తెలియనిదెవరికి? బిందెలో రాత్రి పోస్తే తెల్లారేసరికి అడుగున సున్నం. ఆ నీళ్లతో కడిగిన ఫిలిం ఆరేటప్పటికి ఉప్పు పేరుకుని, ఫోటోలో తెల్ల చుక్కలై తేలుతుంది. తాలూకాలో చుక్కలు లేని పెళ్లి ఫోటో లేదు. మామూలుగా అయితే సన్న కుంచెతో ఆ చుక్కలు కప్పుతాడు. ఆ పూట అంత ఓపిక ఏదీ? తడి ఆరకముందే పెద్ద సైజు ఫోటో తీసుకెళ్లి షోకేసు నడుమ తగిలించాడు. సాయంత్రానికి బజారంతా అక్కడే ఉంది.

మూడో రోజు నిడుగల్లు పెద్దతిమ్మప్ప వచ్చాడు. ఊళ్లో ఆయన మాట కాదనేవాళ్లు లేరు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏంది శెట్టీ ఈ మచ్చలు?"

"బోరు నీళ్ల మచ్చలప్పా. నీకు తెలీనిదా?"

"నీళ్ల మచ్చలైతే చీర మీద ఒకటన్నా ఉండల్ల గదా. ఒంటి మీదనే పడినాయే."

పట్టాభి అప్పుడు చూశాడు. నిజమే, ముదురు రంగు చీర మీద ఒక్క చుక్క లేదు. పెద్దతిమ్మప్ప వెనక్కి తిరిగి నిడుగల్లు బస్సు వైపు నడిచాడు. పట్టాభి లోపలికి పరుగెత్తి, మోటారు షాపు నుంచి బ్యాటరీలో పోసే, ఉప్పు లేని నీళ్లు తెప్పించి, ఫిలిం మళ్లీ కడిగాడు. ఉప్పు మచ్చ అయితే ఆ నీళ్లకు కరిగి పోవాలి. పోలేదు. అవి బొల్లి మచ్చలు. ఇన్నేళ్లూ ఆమె రంగు కింద దాచుకున్నవి.

బొల్లి అయితే ఏం, ఒంటికి నొప్పా, ప్రాణానికి ముప్పా అని మీరు అడగొచ్చు. కరువు ఏళ్లలో ఆ పల్లెల్లో అడగరు. బొల్లి ఉన్న మనిషిని కాల్చకుండా పూడిస్తే, ఆ మన్ను మీదికి మబ్బు రాదని నమ్మకం. వానలు లేని ఏళ్లలో గోతులు తవ్వి, ఎముకలు పైకి తీసి కాల్చిన ఊళ్లు ఉన్నాయి. మూడేళ్లుగా విత్తనం మూట విప్పని జనం దేన్నైనా నమ్ముతారు, పాపం, వాళ్లను ఏమని తిడతాం?

మర్నాడు పొద్దున మారక్క స్టూడియోకి వచ్చింది. మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు, మెడ మీద మందంగా రంగు. ఆమె తిడుతుందని పట్టాభి ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"కూతురికి ఉంటే తల్లికి ఉండే ఉంటాదంటాండారు. సోమవారం మా యమ్మను తవ్వుతారంట," అంది.

"మీ యమ్మకు ఉండెనా?"

"నాకు తెలీదన్నా. నేను పదహారేళ్లకే పోయినా. ఆమె ఎప్పుడూ చేతుల నిండా గుడ్డ కప్పుకునే ఉండేది. ఎండకేమో అనుకుంటి."

పట్టాభి నోరు ఊరుకోదే. "పేరు కావాలనుకున్నప్పుడు ఇట్లాంటివి కూడా తప్పవు గదమ్మా. మద్రాసులో నిన్ను రోజూ తీస్తాండారు, ఓర్చుకుంటాండావు."

"అంబుజను తీస్తారు. దానికి ఒప్పుకునే ఆడికి పోయినా, నేనేం అనను. ఆ పొద్దు చేన్లో కూచున్నది మారక్క. పోనీ, నన్ను కూడా తీసుకో. మా యమ్మ ఏ సినిమాలో ఏసిందన్నా?"

పట్టాభి కెమెరా సంచిని కాలితో బల్ల కిందికి నెట్టాడు.

"మా యమ్మ ఫిలిం నీ కాడ ఉందంట. మచ్చలుండాయేమో చూడల్ల, అది తీసుకుని సోమవారం రమ్మన్నాడు తిమ్మప్ప మామ," అని చెప్పి ఆమె కారెక్కింది.

ఉంది మరి. బతికుండగా ఫోటో తీయించుకోని పల్లె ముసలివాళ్లను, చచ్చిపోయాక స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి ఫోటో తీయించడం అక్కడి వాడుక. రెండేళ్ల కింద నల్లమ్మనూ అట్లాగే తీశాడు. వెతికి వెలుతురుకు పట్టి చూస్తే మెడ దగ్గర మచ్చ. ఉప్పో, బొల్లో? రెండేళ్ల దుమ్ము పట్టి గట్టిపడింది, చూపుకు అందడం లేదు. బ్యాటరీ నీళ్ల సీసా ఎదురుగానే ఉంది. అయిదు నిమిషాల పని. కడిగితే తెలిసిపోతుంది. తెలిశాక అబద్ధం చెప్పగలడా? తెలియకుండా నిజం చెప్పగలడా? మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. భార్య కాంతామణి అన్నానికి మూడుసార్లు పిలిచింది. చివరికి కడగకుండానే, నిడుగల్లు ఫిలింల పెట్టె మొత్తం చంకన పెట్టుకుని సోమవారం బస్సెక్కాడు.

చేనులో యాభై మంది ఉన్నారు. గడ్డపారలు, కిరసనాయిలు డబ్బా. మారక్క దిబ్బ పక్కన నేల మీద కూర్చుని ఉంది. పెద్దతిమ్మప్ప చెయ్యి చాచాడు.

"కాగితం మీద నువ్వు దిద్దుతావు శెట్టీ, ఫిలిం చూపీ."

ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. "ఈడ మెడ మీద ఉండాది. ఇదేంది?"

"నీళ్ల మచ్చ."

"నిజంగానా?"

పట్టాభి పెట్టెను నేల మీద పెట్టి మూత తీశాడు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే పెట్టెలో చెయ్యి పెట్టి, కవరు మీద పేరు చదివి, ఇంకో ఫిలిం ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది కూడా ఆ ఏడు తీసిందే. దీని మీద చెంపకు ఉండాది చూడు, నల్లమ్మకున్న దానికంటే పెద్దది."

"ఇదెవరు?"

"మీ యమ్మే గదప్పా. ఆమెను మీ చేన్లోనే గదా పూడిస్తిరి. మచ్చ ఉన్నోళ్లనంతా తీయాలంటే, ఈ పెట్టెలో ముప్పై మంది ఉండారు. ఎవరితో మొదలుపెడదాం?"

పెద్దతిమ్మప్ప ఆ ఫిలిం వంక చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి దాన్ని పంచె అంచుతో తుడిచి, జాగ్రత్తగా కవరులో పెట్టి ఇచ్చాడు.

"పాడు నీళ్లు," అన్నాడు. గడ్డపారలు భుజాల మీదికి వెళ్లాయి.

అందరూ పోయాక పట్టాభి మారక్కకు కాస్త దూరంగా గట్టు మీద కూర్చున్నాడు. మంచి చేశాడా, చెడ్డ చేశాడా? తాను పెట్టిన మంటను తానే ఆర్పాడు, అంతేనా?

"నల్లమ్మ ఫిలిం తీసుకోమ్మా. షోకేసులో ఉండే నీ ఫోటో ఈ పొద్దే తీసి కాల్చేస్తా. పొరపాటయింది," అన్నాడు.

ఆమె దిబ్బ మీది మట్టిని అరచేత్తో సర్దింది.

"తీయొద్దన్నా," అంది. "నీళ్ల మచ్చలని చెప్పినావు గదా. నీళ్ల మచ్చలైతే ఎందుకు తీసేసినాడని అడుగుతారు. దాచినట్టయితాది. అట్లనే ఉండనీ."

"అందరూ చూస్తాండారు గదమ్మా. ఆ ఏడుపును, ఆ తడి బట్టలను."

"చూడనీ."

"ఎన్నాళ్లని?"

"వాన పడేదాకా," అని ఆమె లేచి కారు వైపు నడిచింది.

ఆ ఏడు వాన పడలేదు. తర్వాతి ఏడు రెండు జల్లులు పడి, మొలకలు వచ్చి మాడిపోయాయి. పట్టాభి రోజూ పొద్దున తలుపు తీసి, అద్దం తుడిచి, ఆ ఫోటోకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎవరో ఒకరు ఆగి, ఈ మచ్చలేందన్నా అని అడిగేవాళ్లు. అతను తల తిప్పకుండానే, బోరు నీళ్లప్పా, అని చెప్పేవాడు.