కాల్చకముందు ఎలా ఉండేది

సర్జన్ అడిగింది ఒక్కటే. చెంప మీది పుట్టుమచ్చను లేజర్‌తో కాల్చకముందు అది ఎలా ఉండేదో చూపించే ఫోటో కావాలి. దగ్గర నుంచి తీసింది, అంచులు కనిపించేది.

టీచర్‌కు నవ్వొచ్చింది. ఆమె నేర్పేది డ్రైవింగే అయినా వీధిలో అందరూ టీచర్ అనే పిలుస్తారు. భర్త ఫోటోగ్రాఫర్. కింద స్టూడియో, పైన ఇల్లు.

"మా ఇంట్లో ఉప్పు నిండుకున్న రోజులున్నాయి గానీ నా ఫోటోలకు కరువెప్పుడూ లేదు డాక్టరుగారూ," అంది.

సర్జన్ కూడా ఆడమనిషే. నవ్వలేదు. ఫోటో ఎందుకో చెప్పింది. కాల్చిన చోట మచ్చ మళ్లీ మొలిచింది. అందులోంచి చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపితే ల్యాబు తేల్చలేకపోయింది. కాలిన చర్మంలో మళ్లీ పుట్టిన మామూలు మచ్చ కూడా మైక్రోస్కోపు కింద కేన్సర్‌లా కనిపించవచ్చు. కేన్సరైనా అలాగే కనిపిస్తుంది. తేడా చెప్పాలంటే మొదటి మచ్చ సంగతి తెలియాలి. దాన్ని కత్తితో తీసి ఉంటే ముక్క పరీక్షకు వెళ్లేది. లేజర్‌తో కాల్చారు కాబట్టి పొగైపోయింది.

మామూలుదైతే సన్నగా కోసి కుట్లు వేస్తారు. రెండోదైతే చుట్టూ వెడల్పుగా కోయాలి, ఆ లోటును వేరేచోటి చర్మంతో పూడ్చాలి, మెడ దగ్గర లింఫు గడ్డ ఒకటి తీసి అక్కడికి పాకిందేమో చూడాలి. ఏదో తెలియకుండా తక్కువ కోస్తే ప్రాణానికి ముప్పు, ఎక్కువ కోస్తే మొహానికి.

"వెతికి తీసుకురండి," అంది సర్జన్. "వారంలో నిర్ణయం తీసుకోవాలి."

లేజర్ చేయించుకుని ఏడాదైంది. అసలు వెళ్లింది పుట్టుమచ్చ కోసం కాదు, మంగు కోసం. రోజంతా కారు అద్దం పక్కన కూర్చునే ఉద్యోగం. రెండు బుగ్గల మీదా మంగు పట్టింది. ఆడపడుచు తనకు తెలిసిన క్లినిక్‌కు తీసుకెళ్లింది. ఆవిడ అక్కడే పైపెదవి మీద వెంట్రుకలు తీయించుకుని, మొటిమల గుంటలకు కూడా చేయించుకుంది. ఆవిడకు బాగానే ఉంది. క్లినిక్‌లో తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి టీచర్ కళ్లకు కళ్లద్దాలు పెట్టి, చెంపకు జెల్ రాసి, లేజర్ గన్ పట్టుకుంది. మంగు పని అయ్యాక పుట్టుమచ్చ మీద వేలు పెట్టింది. ఇదీ తీసేద్దామా మేడం, ఒక్క నిమిషం పని, దీనికి వేరే ఏం తీసుకోం అంది. టీచర్ సరేనంది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అంతే.

పక్కు కట్టింది, రాలింది, గులాబీ రంగు చర్మం వచ్చింది. కొన్ని నెలలకు ఆ గులాబీ మధ్యలో నల్లటి గీత లేచింది. క్లినిక్‌కు వెళ్తే ఎండలో తిరుగుతారుగా మేడం అన్నారు. తప్పు ఎండది, తిరిగిన టీచర్‌ది. ఆ గీతను కూడా కాల్చారు. అది మళ్లీ వచ్చింది. అప్పుడు టీచర్ పెద్దాసుపత్రికి వెళ్లింది.

ఇప్పుడు ఫోటో వెతకాలి.

ఆ సాయంత్రం ఫోటోగ్రాఫర్ కంప్యూటర్ ముందు కూర్చుంటే టీచర్ వెనక నిలబడింది. ఆమె పేరు మీద ఉన్న ఫోల్డర్ తెరిచాడు. తమ్ముడి పెళ్లిలో టీచర్. కొత్త కారు పక్కన టీచర్. సముద్రం ముందు గాలికి ఎగిరే జుట్టుతో టీచర్. అన్నిట్లోనూ ఎడమ చెంప శుభ్రంగా ఉంది. పుట్టుమచ్చ లేదు.

మొదట అర్థం కాలేదు. రెండోవైపు చెంపేమో అనుకుంది. జూమ్ చేయమంది. చేశాడు. చెంప స్క్రీన్ నిండా పరుచుకుంది. సన్నటి రంధ్రాలు, నూగు, చెవి దగ్గర పోగు నీడ. మచ్చ ఉండాల్సిన చోట మచ్చ లేదు.

"టచప్ చేశాను," అన్నాడు ఫోటోగ్రాఫర్.

"టచప్ చేయనివి?"

అవి ఉండవని చెప్పాడు. డిస్క్ నిండిపోతుంది కాబట్టి ఫైనల్ మాత్రం ఉంచి మిగతావి తీసేస్తాడు. ఎవరి ఫోటోలైనా అంతే. పెళ్లికి ముందు ఉద్యోగం దరఖాస్తు కోసం ఆమె ఈ స్టూడియోకే వచ్చి దిగిన ఫోటో ఉందా అని అడిగింది. ఉంది. అందులోనూ తుడిచాడు. అప్పటికి ఆమె ఎవరో కూడా అతనికి తెలియదు.

టీచర్ తన ఫోన్ తీసింది. ఫోన్ కెమెరా మొహాన్ని నున్నగా చేసి చూపిస్తుంది. ఆ సెట్టింగ్ పెట్టింది కూడా అతనే. డ్రైవింగ్ స్కూల్లో వాళ్లూ వీళ్లూ తీసిన గ్రూప్ ఫోటోల్లో మచ్చ ఉంది, కానీ దూరం నుంచి. పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా విడిపోయింది. లైసెన్సు కార్డు మీద బొమ్మ గోరంత, అందులో ముక్కునే ఆనవాలు పట్టలేం. తల్లికి ఫోన్ చేసి అడిగితే చిన్నప్పుడు మిరియపు గింజంత ఉండేదంది. ఇప్పుడెందుకే ఆ సంగతి అని ఏడుపు మొదలుపెట్టింది.

ఆడపడుచుకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆవిడ, "నేను పుట్టిన దగ్గర్నుంచి మా అన్నయ్య ఇల్లు తుడవడం చూడలేదు వదినా. నీ మొహం మాత్రం ఇంత శ్రద్ధగా తుడిచాడన్నమాట," అంది. ఆ వెంటనే, అప్పుడు తీసుకెళ్లింది తనే కాబట్టి ఇప్పుడూ తనే క్లినిక్‌కు వస్తానంది. కాల్చకముందు వాళ్లు కూడా ఫోటో తీశారు కదా.

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. క్లినిక్ గోడ నిండా జంట మొహాలు. ఎడమవైపు మచ్చలున్న మొహం, కుడివైపు లేనిది. గన్ పట్టుకున్న అమ్మాయి మానేసిందట. బోర్డు మీద పేరున్న డాక్టరు వారానికి ఒక్కరోజు వస్తాడట. మేనేజర్ ట్యాబ్‌లో వెతికి టీచర్ ఫోటో తీశాడు. క్లినిక్ వాళ్ల ఫోన్‌తో తీసిందే. ఆ ఫోనూ నున్నగా చేసేదే. మంగు లీలగా ఉంది. పుట్టుమచ్చ ఉన్నచోట వేలితో అలికినట్టు ఒక మరక.

"కాల్చకముందు దాన్ని డాక్టరు చూశాడా?" అంది టీచర్.

"మామూలు పుట్టుమచ్చే కదా మేడం."

"మామూలుదని ఎవరు చూసి చెప్పారు?"

మేనేజర్ ఆడపడుచు వైపు చూశాడు, పాత కస్టమర్ కదా, సర్దిచెబుతుందని. ఆడపడుచు, "నావైపు చూడకు. ఆవిడ అడిగినదానికి చెప్పు," అంది. అతను, ఆ రోజు మేడమే సరేనన్నారు అన్నాడు. తర్వాత, కావాలంటే ఇంకో సిట్టింగ్ ఫ్రీగా చేస్తామన్నాడు.

టీచర్ చేతిలో కారు తాళాలున్నాయి. వాటిని కౌంటర్ అద్దం మీద విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు. వెయిటింగ్ రూంలో కూర్చున్న వాళ్ల వైపు తిరిగింది. "పుట్టుమచ్చ తీయించుకోవడానికి వచ్చినవాళ్లెవరైనా ఉంటే ముందు చర్మం డాక్టరుకు చూపించుకోండి. వీళ్లు చూడరు, కాలుస్తారు," అంది. ఒకామె లేచి పర్సు తీసుకుని బయటికి నడిచింది. మిగతావాళ్లు ఫోన్లలోకి తల దించారు.

సర్జన్ దగ్గరికి రెండోసారి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. ఫోటో దొరకలేదని టీచర్ చెప్పింది. ఎందుకు దొరకలేదో కూడా చెప్పింది. ఫోటోగ్రాఫర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

సర్జన్ పెన్ను పక్కన పెట్టి, పోనీ నోటిమాటగానైనా చెప్పమంది. కాల్చకముందు రెండు మూడేళ్లలో అది పెరిగిందా? రంగు మారిందా? టీచర్ లేదనుకుంటానంది. రోజూ అద్దంలో చూసుకునే మొహంలో ఏది ఎప్పుడు మారిందో ఎవరు గమనిస్తారు అంది.

"మారింది," అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఇద్దరూ అటు తిరిగారు.

"మీకెలా తెలుసు?" అంది సర్జన్.

"తుడిచేవాణ్ని కదండీ. మొదట్లో కంప్యూటర్లో టచప్ బ్రష్ ఒక్కసారి ఆనిస్తే పోయేది. తర్వాత్తర్వాత పోలేదు. సైజు పెంచాల్సి వచ్చింది."

సర్జన్ కుర్చీ ముందుకు లాక్కుంది. ఎప్పటి నుంచి అని అడిగింది. బావమరిది పెళ్లి ఫోటోలప్పటి నుంచి, అంటే కాల్చడానికి రెండేళ్ల ముందు నుంచి అన్నాడు. ఆకారం అడిగింది. పైన గుండ్రంగానే ఉండేదని, కింద మాత్రం తోకలా సాగిందని చెప్పాడు. రంగు అడిగింది. మొదట మొత్తం కాఫీ రంగే. తర్వాత మధ్యలో నలుపు, ఒక అంచున ఎరుపు. ఒకే రంగు నింపితే అతుకు తెలిసిపోయేది, అందుకని పక్కనున్న చర్మం తెచ్చి కప్పేవాణ్నన్నాడు. అడిగినదానికల్లా జవాబు ఉంది. లోకంలో ఆ మచ్చను అతను చూసినంత దగ్గరగా ఎవరూ చూడలేదు.

"మరి నాకు చెప్పలేదేం?" అంది టీచర్.

"బాధపడతావని."

సర్జన్ ఇద్దర్నీ చూసి, ఇవన్నీ బొమ్మగా గీసి ఇవ్వగలరా అని అతన్ని అడిగింది. బొమ్మ సాక్ష్యం కాదు గానీ ల్యాబు డాక్టరుతో మాట్లాడటానికి పనికొస్తుందంది. ఏ ఏడాదికి ఎంతుండేదో విడివిడిగా కావాలంది.

తిరుగుదారిలో కారు టీచరే నడిపింది. కోపంలో స్టీరింగ్ పట్టుకోవద్దని రోజూ నేర్పే మనిషి. మొదటి సిగ్నల్ దాటాక కారు పక్కకు ఆపి ఇంజిన్ కట్టేసింది. పెళ్లయిన దగ్గర్నుంచి భర్తను మీరనే అనేది. ఇప్పుడు అనలేదు.

"బాధపడతానా? నా మొహం మీద ఏదో పెరుగుతోందని చెప్తే బాధపడతాను. చెప్పకుండా తుడిచేస్తే సుఖంగా ఉంటాను. అంతేనా నువ్వు లెక్కేసుకుంది?"

అతను, అందరికీ చేసేదే చేశానన్నాడు. స్టూడియోకు ఎవరొచ్చినా అడక్కుండానే చేస్తాం, అలవాటుపడిన చెయ్యి అన్నాడు.

"నేను నీకు కస్టమర్నా?"

"ఆ ఫోటోలు నీకు నచ్చేవి కదా."

నచ్చేవి. అది నిజం. బాగా వచ్చాను కదూ అని తల్లికి పంపేది, తమ్ముడికి పంపేది. మచ్చ లేదన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. ఆ మాట విన్నాక ఆమె కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అద్దంలో ఎడమ చెంప కనిపించింది. దూది, దాని మీద ప్లాస్టరు. దాని కింద ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు.

"బ్రష్ పెంచినప్పుడు నీకేం అనిపించలేదా? ఒక్కసారైనా?"

"అనిపించింది. కాసేపే. తుడిచేశాక కనపడదు కదా, మర్చిపోయేవాణ్ని," అన్నాడు.

ఆమె ఇంజిన్ స్టార్ట్ చేసింది.

స్టూడియో షట్టర్ సగానికి దించి అతను పనికి కూర్చున్నాడు. తమ్ముడి పెళ్లి ఫోటో తెరిచి, చెంప పెద్దది చేసి, కాఫీ రంగు తీసుకుని మచ్చ పెట్టాడు. తర్వాత కారు ఫోటో. తోక మొదలైంది. తర్వాత సముద్రం. మధ్యలో నలుపు దిగింది. ఎంత తుడిచాడో అంతా తిరిగి పెడుతున్నాడు. టీచర్ పక్కన స్టూలు మీద కూర్చుని చూసింది. డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చున్నప్పుడు బ్రేకు మీద ఉంచినట్టు కాళ్లు నేలకు తన్నిపట్టింది. చివరి ఫోటోలో అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇంతేనా?" అంది.

"ఇంచుమించు."

"ఇంచుమించు వద్దు. బ్రష్ ఎంతుండేదో అంత పెట్టు."

పెంచాడు. ఎర్రటి అంచు దవడ వైపుకు పాకింది. ఇంత పెద్దదాన్ని నిమిషంలో పోయే పనని కాల్చారు. ఇంత పెద్దదాన్ని అద్దంలో చూస్తూ తనూ తల దువ్వుకుంది. ఆమె లేచి బొమ్మలన్నీ సర్జన్‌కు పంపించింది.

జవాబు మర్నాడు ఫోన్‌లో వచ్చింది. ల్యాబు డాక్టరుతో మాట్లాడానని సర్జన్ చెప్పింది. పెరిగిన తీరు, రంగులు మారిన తీరు చూస్తే మామూలుదని వదిలేయడానికి లేదు. వెడల్పుగానే కోస్తారు, మెడలో గడ్డా తీస్తారు. కోసింది పరీక్షకు పంపాక అసలు సంగతి తెలియవచ్చు, తెలియకపోనూ వచ్చు. మారడం మొదలైనప్పుడే వచ్చుంటేనా అని టీచర్ అడిగింది. అప్పుడైతే చిన్న కోతతో పోయేదని సర్జన్ సూటిగా చెప్పింది. ఆపరేషన్‌కు ముందు చెంప ఇప్పుడున్నదున్నట్టు, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో కావాలంది. ఆసుపత్రిలో తీస్తారు గానీ ఇంటి దగ్గర తీసినదీ ఒకటి ఉంటే మంచిదంది.

ఫోన్ పెట్టేసి టీచర్ కిందికి దిగింది. స్టూలును తనే గోడకు జరుపుకుని కూర్చుంది. ఫోటోగ్రాఫర్ అలవాటుగా మొహం నునుపుగా చూపించే గొడుగు లైటు వెలిగించాడు. అది ఆపేయమంది. మామూలు ట్యూబ్‌లైటు వేయించింది. ప్లాస్టరు ఊడదీసి, స్కేలు చెంపకు ఆనించి పట్టుకుంది. అతను దగ్గరికి వచ్చాడు. లెన్స్ చెయ్యంత దూరంలో ఆగింది. ఫోకస్ కుదరక రింగు అటూ ఇటూ తిప్పాడు.

"సరిగ్గా తీయి," అంది.

తీశాడు. ఇంకోటి తీయమంది, తీశాడు. కంప్యూటర్ వైపు అడుగు వేయబోతుంటే ఆమె చెయ్యి చాపింది. కెమెరా ఇచ్చాడు. దాని పక్కనున్న మూత తెరిచి, మెమరీ కార్డు బయటికి లాగి, పర్సులో పడేసి జిప్పు వేసింది. ఖాళీ కెమెరాను అతని చేతిలో పెట్టి, కారు తాళాలు తీసుకుని ఆసుపత్రికి బయల్దేరింది. నేనూ వస్తానన్నాడు. టీచర్ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. అతను షట్టర్ దించి తాళం వేసి వచ్చేసరికి కారు వీధి మలుపు తిరిగింది.