అచ్చం అలాంటి పెట్టె

తలుపు ఇంకా కొంచెం బిగుసుకుంటోందని కింది అంచుకు మళ్ళీ చిత్రిక పట్టాడు మేస్త్రి. వేసి చూశాడు, తీసి చూశాడు. పొట్టు చొక్కా మీద పడితే దులుపుకోలేదు. పొద్దుటి నుంచి ఎడమ భుజం గుంజుతోంది. దాన్నీ పట్టించుకోలేదు.

ఛాతీ ఎత్తున నాలుగు కాళ్ళ మీద నిలబడే తెల్లటి చెక్కపెట్టె అది. గోడలన్నీ కిటికీకి ఉండేలాంటి వాలు రెక్కలే. లోపల ఉష్ణమాపకం వేలాడదీస్తారు. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. ధ్రువం దగ్గరి స్థావరంలో గాలి ఎంత చల్లగా ఉందో ఏళ్ళ తరబడి అలాంటి పెట్టెల్లోనే చూస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా వాటిని చేస్తున్నది ఈయనే. మంచు ముఖం ఒక్కసారైనా చూసినవాడు కాదు. "మంచుదేశానికి బీరువాలు చేసిపెట్టే మహానుభావుడు" అని భార్య ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

స్థావరం నుంచి తిరిగొచ్చినవాళ్ళు ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవారు. మంచుపొడి రెక్కల సందుల్లోంచి దూరి పెట్టెలో పిండి పోసినట్టు నిండుతోందనీ, గరిటెతో తోడితే తప్ప అంకె కనబడదనీ. సందు తగ్గిస్తానని ఆయనా ప్రతిసారీ అనేవాడు. "ఎప్పుడూ చేసినట్టే చెయ్యి" అనేవారు పైవాళ్ళు. ఇంక చెక్కపెట్టెలు వద్దట, ప్లాస్టిక్‌వి వచ్చాయి. ఒకటి అప్పుడే మూల నిలబడి ఉంది, నిగనిగలాడుతూ, పెళ్ళికి ముందే కాపురానికొచ్చిన కోడలిలా. ఆఖరిగా ఒక్క చెక్కపెట్టె అడిగారు. చెక్కతో ఏం చెయ్యొచ్చో ఆ ఒక్కదానితో చూపించాలనుకున్నాడు మేస్త్రి. ప్రతి గోడలోనూ రెక్కల సంఖ్య పెంచి సందులు తగ్గించాడు. నెల రోజుల పని. ఇంత బాగా ఆయన ఏదీ చెయ్యలేదు, తన కూతురి మంచంతో సహా.

ధ్రువాల వాతావరణం లెక్కలు చూసే మేడమ్ టేపు పట్టుకుని వచ్చింది. ఒక గోడ కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"మేస్త్రీ గారూ, సందు తగ్గించారా?"

"తగ్గించానండి. ఇక మంచు దూరదు" అన్నాడు. మెచ్చుకోలు కోసం చేతులు తుడుచుకుని మరీ నిలబడ్డాడు.

"దూరాలి."

"దూరాలా?"

"పాతదాంట్లో ఎంత దూరేదో అంతా దూరాలండి. సందు తగ్గితే గాలి ఆడదు, ఎండ కాసినరోజు అర డిగ్రీ ఎక్కువ చూపిస్తుంది. నలభై ఏళ్ళలో అక్కడి గాలి ఎంత వేడెక్కిందని మేం కొట్టుకుంటున్నదే అర డిగ్రీ, పావు డిగ్రీల గురించి. అది గాలి వేడా, పెట్టె వేడా అంటే ఏం చెప్పమంటారు?"

"అంటే బాగా చెయ్యడం తప్పయిందన్నమాట."

ఆమె మెత్తబడింది. "పాతది తుఫానుకి ముక్కలైపోయింది కదా. అచ్చం అలాంటిది ఉంటేనే పక్కన ఈ ప్లాస్టిక్ దాన్ని పెట్టి తేడా తెలుసుకోగలం. లేకపోతే నలభై ఏళ్ళ లెక్కకీ కొత్త లెక్కకీ ముడి పడదు. సాయంత్రం వ్యాను వస్తుంది. స్థావరానికెళ్ళే ఈ ఓడ తప్పితే మళ్ళీ ఏడాదికే."

"తేడా తెలిశాక?"

"రెండు చలికాలాలు చూస్తాం. తర్వాత మీదాన్ని తీసేస్తాం."

ఆమె వెళ్ళాక చాలాసేపు ఉలి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చెయ్యను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పై ఏళ్ళు వాళ్ళు చెప్పినట్టే చేశాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తన బుర్ర వాడుకుంటే ఇదీ దక్కిన మర్యాద. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకన్నట్టు, మూలనున్న ఆ ప్లాస్టిక్ పెట్టెను చూస్తే ఒళ్ళు మండింది. దాన్ని గోడవైపు తిప్పి వచ్చాడు.

ఫోను మోగింది. భార్య.

"భుజం ఎలా ఉంది?"

"భుజానికేం. చేసిందంతా ఊడదీస్తున్నా. బాగుండకూడదట."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. చెప్పినట్టు చేస్తే పోయేదిగా. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తానన్నారు."

"వ్యాను వస్తోందే. రేపెళ్తా."

ఎక్కువ వేసిన రెక్కలన్నీ ఊడదీశాడు. మిగతావాటిని పాత కొలతకు జరిపాడు. కోపంలో ఇష్టమొచ్చినట్టు కొట్టి పారేద్దామనుకున్నాడు కానీ, అందుకూ వీల్లేకపోయింది. చెడగొట్టడానికి కూడా కొలబద్ద పెట్టాల్సి వచ్చింది. వేలెడు సందు అంటే వేలెడే. పాత చిల్లులు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ రంగు వేశాడు. మధ్యాహ్నం భోజనం మాట మరిచిపోయాడు. చెమట ధారగా కారింది. మంచుకోసం చేస్తున్న పనికి ఇంత చెమటేమిటని తనను తానే తిట్టుకున్నాడు.

ఆఖరి గోడ పూర్తయ్యాక వెనక్కి జరిగి చూశాడు. అచ్చం పాతదే. అదే సందు, మంచు దూరే అదే తెలివితక్కువతనం. గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

రంగు ఆరాక వ్యాను వచ్చింది. మేస్త్రి కళ్ళు మూసుకుని ఉండడం చూసి డ్రైవరు, వెంట వచ్చిన మనిషితో, "పొద్దుటి నుంచి పాపం ఒక్కడే. పడుకోనీండి" అన్నాడు. చప్పుడు కాకుండా, ఇద్దరూ పట్టి పెట్టెను తీసుకెళ్ళారు. తాళం వెయ్యడానికొచ్చిన వాచ్‌మన్ భుజం తట్టి పిలిచాడు. రెండోసారి పిలవలేదు.

భార్య వచ్చి చొక్కా, చెప్పులు, పనిముట్లు తీసుకెళ్ళింది.

అక్కడ చలికాలం మొదలయ్యాక, మేడమ్ ఒకరోజు మేస్త్రి పనిచేసిన షెడ్డులోకి వచ్చింది. స్థావరం నుంచి మొదటి లెక్కలు వచ్చాయి. మేస్త్రి చేసిన పెట్టెలో మంచు ఎప్పటిలాగే దూరుతోందట, గరిటెతో తోడుతున్నారట, అంకెలు పాతవాటితో చక్కగా కలిశాయట. ఆ మాట ఎవరికో ఒకరికి చెప్పాలని వచ్చింది. షెడ్డు ఖాళీగా ఉంది. బల్ల మీద ఒక్క కుంచె మాత్రం మిగిలింది. మేస్త్రి ఎప్పుడూ కుంచెను కడగకుండా వదిలేవాడు కాదు. తెల్ల రంగుతో రాయిలా గట్టిపడి, తీయబోతే రాకుండా, బల్లకు అతుక్కుపోయి ఉంది.