అచ్చ తెలుగు ఇంటి శాలువా

బరంపురం లంజిపల్లిలో జగదీశ్వరరావు ఇంట ఆ ఉదయం ఒడియా నిషేధం. ఆంధ్ర నుంచి ఒక తెలుగు సంస్థ కార్యదర్శి వస్తున్నాడు. పరాయి మాట గడప దాటని ఇల్లని నమ్మకం కుదిరితే, ఆ ఇంటి యజమానికి అక్కడికక్కడే శాలువా కప్పి పోతాడు. రైల్వేలో రిటైరైన రోజు బంతిపూల దండ తప్ప మరేదీ మెడకెక్కని మనిషి జగదీశ్వరరావు. ఆ శాలువా మీదే ప్రాణం పెట్టుకున్నాడు. రోజూ పక్కింటివాళ్లతో ఆయన దంచేది ఒడియాయేనన్నది వేరే సంగతి.

కార్యదర్శి వచ్చి సోఫాలో కూర్చుని, ఇంట్లోవాళ్ల నోట "మంచినీళ్లు" అన్న మాట వినే పులకించిపోయాడు. అంతలో పక్కింటి పింటు స్కూటర్ తాళం తిరిగివ్వడానికి వచ్చాడు. నలభై దాటిన ఒడియా మనిషి. కాలేజీ చదువుతున్న జగదీశ్వరరావు కూతురు సౌమ్య మాటలొచ్చిన నాటి నుంచి అతన్ని ఎలా పిలుస్తోందో అలాగే పిలిచింది.

"నానా, టీ తాగి ఎల్లు."

గంజాం ఒడియాలో నానా అంటే అన్నయ్య. బరంపురంలో పసిపిల్లలకీ తెలుసు. కార్యదర్శిది గోదావరి జిల్లా. ఆయన పింటుని చూశాడు, జగదీశ్వరరావుని చూశాడు, చివరికి నేల చూశాడు. అమ్మాయి నాన్నగారు ఎవరని నసిగాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అది ఒడియా మాట అని చెబితే శాలువా పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. భార్య సత్యభామ వంటింటి గుమ్మంలోంచి మొగుడి నోటివైపే చూస్తోంది. పరువు ఎలాగూ ఇంట్లో ఉన్నదే, శాలువాయే కదా రావలసింది అనుకున్నాడు మహానుభావుడు. తమ ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట వినబడదని ఖాయం చేసేశాడు.

సత్యభామకి ఒళ్లు మండిపోయింది. అయినా టీ ట్రే నెమ్మదిగానే బల్లమీద పెట్టి, ముందు పింటుని, తర్వాత మొగుణ్ని చూపించింది.

"మరేటండి, ఆయనే పిల్ల నాన్న. ఈయన మా ఇంట్లో అద్దెకుంటన్నారు."

కార్యదర్శి హమ్మయ్య అనుకున్నాడు. ఇంతసేపూ పొరబడ్డానని క్షమాపణ చెప్పుకుని, సంచిలోంచి శాలువా తీసి పింటుకి కప్పాడు. పింటుకి సంగతి సగమే అర్థమైంది, కానీ మర్యాదస్థుడు. చేతులు జోడించి "దండాలండి" అన్నాడు, చక్కటి తెలుగులో.

కడుపు రగిలితే జగదీశ్వరరావుకి తెలుగు తట్టదు. ఆ శాలువా నాదిరా అనబోయి, "సే శాల్ మొర" అని అరిచాడు.

కార్యదర్శి పింటు చెవి దగ్గరకు జాలిగా వంగాడు.

"పాపం, మీ అద్దెకున్నాయన ఒడియావారా? ఖాళీ చేయించకండి. మీ ఇంట్లో ఉంటే తెలుగు అదే పట్టుబడుతుంది."