ఫొటో దగ్గర పైరవీ నడవలేదు

మా ఆయన భాస్కర్ శామీర్‌పేట దగ్గర మా ఊరికి రెండుసార్లు సర్పంచ్‌గా చేశాడు. రోడ్డు కావాలన్నా, బోరు కావాలన్నా పెద్దవాళ్లతో ఫోన్ చేయించి, పైరవీ చేసి తెచ్చేవాడు. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పుడు కూడా నాకంటే ఆయనే ధైర్యంగా ఉన్నాడు. కొంపల్లి ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా ధైర్యమే చెప్పింది. తొందరగానే దొరికింది, ఇరవై రోజులు కరెంటు పెడతాం, మానకుండా వస్తే తగ్గిపోయే అవకాశం చాలా ఎక్కువ అంది.

కరెంటంటే మా వైపు రేడియేషనే. రోజూ ముందు మూత్రానికి వెళ్లొచ్చి, అరలీటరు నీళ్లు తాగి, గంటసేపు ఆపుకోవాలి. బల్ల మీద పడుకోబెట్టాక మిషన్ ముందు కడుపు లోపలి ఫొటో తీస్తుంది. మూత్రసంచి నిండి ఉంటే పేగులు పక్కకు జరుగుతాయి, కిరణాలు పడాల్సిన చోటే పడతాయి. నిండకపోతే కరెంటు పెట్టకుండానే కిందికి దింపేస్తారు.

ఐదు రోజులు బాగానే గడిచాయి. ఆరో రోజు, మిషన్ దగ్గర పనిచేసే సూరారం అమ్మాయి నయన బయటికొచ్చి, సంచి నిండలేదు, మళ్లీ తాగి కూర్చోండి అంది. తాగానని ఆయన ఒట్టేశాడు. రెండోసారీ అదే ఫొటో. మూతి ముడుచుకుని ఇంటికి బయలుదేరాడు. ఏడో రోజూ అదే తంతు.

ఎనిమిదో రోజు మేడ్చల్‌లో తనకు తెలిసిన లీడర్‌తో ఆసుపత్రికి ఫోన్ చేయించాడు. మా సర్పంచ్ సాబును ఆపకుండా చూడండి అని. ఆపలేదు, అందరికంటే ముందే తీసుకెళ్లారు. ఐదు నిమిషాల్లో దింపేశారు. నయన మా ఇద్దరికీ ఫొటో చూపించింది.

"బాపూ, ఎవ్వలు ఫోన్ జేసినా దీంట్ల కనవడేది మారదు" అంది.

మిషనే ఖరాబైందని, రేపట్నుంచి రానని ఈయన విసవిసా బయటికి నడిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆ రోజు పొద్దున నేను చూశాను, ఆయన నిండు సీసాతో బాత్రూంలోకి వెళ్లి, నీళ్లు పారబోసి ఖాళీ సీసాతో రావడం. కారు దగ్గర నిలదీశాను. తలొంచుకునే చెప్పాడు.

"ఆగుత లేదు రాధమ్మా. అయిదో దినం కుర్సీలనే రెండు సుక్కలు పడ్డయి. ఈడ నేనెవ్వరో ఎర్కలేనోడు లేడు. తెల్లబట్టల మీద తడి జూస్తే ఇగ ఏం మొఖం పెట్టుకొని తిరగాలె?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. రెండు చుక్కల కోసం ఈ మనిషి ప్రాణాన్నే వదులుకోబోతున్నాడు. ఏడుపొచ్చింది. అయినా అనాల్సింది అనేశాను.

"బట్టలు నేను పిండుత. నువ్వే లేకుంటే ఎవరియి పిండాలె?"

చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లి, నయనకు ఉన్నదున్నట్టు ఆయన నోటితోనే చెప్పించాను. ఆ పిల్ల నవ్వలేదు. కరెంటు పెట్టేటప్పుడు చాలామందికి ఇలా అవుతుందని, కరెంటు అయిపోయాక కొన్ని వారాల్లో చాలావరకు తగ్గుతుందని చెప్పింది. డాక్టరమ్మ మాత్ర రాసింది, ప్యాడ్లు పెట్టుకోమంది. మాత్ర వేసుకున్నాడు గానీ, ప్యాడ్లు చంటిపిల్లల సామానని ముట్టుకోలేదు. మొండిఘటం.

మర్నాడు నా కళ్లముందే అరలీటరూ తాగాడు. గంటసేపు పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. ఫొటో బాగా వచ్చింది, కరెంటు పెట్టారు. బయటికొచ్చాక బాత్రూం పది అడుగులే. ఆ పది అడుగులు ఆగలేకపోయాడు. తెల్ల ప్యాంటు మోకాలి దాకా తడిసింది.

హాలు నిండా జనం. వాళ్లలో మా ఊరి మన్నాన్, ఎన్నికల్లో మా ఆయన మీద పోటీ చేసినవాడు. భార్య హజీరాను డాక్టరుకు చూపించడానికి తీసుకొచ్చినట్టున్నాడు. మన్నాన్ చూపు ముందు మా ఆయన మొహం మీద, తర్వాత ప్యాంటు మీద పడింది. ఇక ఈ మనిషి జన్మలో ఇక్కడ అడుగు పెట్టడనుకున్నాను.

ఆయన కదల్లేదు. ఒకసారి నా వైపు చూశాడు.

"కడుపు నిండ నీళ్లు తాగిన మన్నాన్" అన్నాడు, హాలంతా వినబడేలా. "కరెంటు సక్కగ పడ్డది. ఇంకో పద్నాలుగు దినాలు గిట్లనే తాగుత."

చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా, అందరి మధ్య నుంచి నింపాదిగా బాత్రూం వైపు నడిచాడు.